తుమ్మి: నిమ్‌పురా పరిసరాల్లో గుర్తింపు, ఆవాసాలు

తుమ్మి వానాకాలంలో మొలిచి, వానలు వెనుదిరిగే వేళకు పూతకొచ్చే ఏకవార్షిక కలుపుమొక్క. శాస్త్రీయ నామం ల్యూకాస్ ఆస్పెరా. తులసి కుటుంబమైన లేమియేసికి చెందింది. భారతదేశం, శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్, మయన్మార్ మొదలుకొని ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ దాకా మైదాన ప్రాంతాల్లో కనిపిస్తుంది. తెలుగువారికి తుమ్మిచెట్టు, తుమ్మికూర, తుమ్మిపూలు అన్న మాటలతో పరిచయం. ముళ్లుండే తుమ్మచెట్టుతో దీనికి ఏ సంబంధమూ లేదు. బెంగాలీలు దండకలస అనీ, శ్వేతద్రోణ అనీ పిలుస్తారు. కన్నడంలో తుంబె, తమిళంలో తుంబై, మలయాళంలో తుంబ.

పశ్చిమబెంగాల్‌లోని పశ్చిమ మేదినీపూర్ జిల్లా, ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో నిమ్‌పురా ఒక పేట. పెద్ద గూడ్స్ యార్డు, దాని చుట్టూ రైల్వే క్వార్టర్లు, ఆపైన ఎర్రమొరం నేలలు. తుమ్మి లాంటి మొక్కకు ఇంతకంటే అనువైన చోటు దొరకదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి తరాల క్రితం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ పేటలో ఎక్కువ. ఆ ఇళ్ల పెద్దలకు మొక్క తెలుసు. పిల్లల్లో చాలామందికి పేరు తెలిసినా మొక్కను చూపించమంటే తడబడతారు. ఈ వ్యాసం ఆ పోలిక పట్టడం గురించే.

పేరు, వర్గీకరణ

తుమ్మిని శాస్త్రలోకానికి మొదట పరిచయం చేసింది జర్మన్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్ విల్డెనో. బెర్లిన్ ఉద్యానంలోని మొక్కల పట్టికను 1809లో ప్రచురిస్తూ దీన్ని ఫ్లోమిస్ ఆస్పెరా అన్నాడు. అప్పటికి ల్యూకాస్ అన్న ప్రజాతి ఇంకా పుట్టనేలేదు. రాబర్ట్ బ్రౌన్ దాన్ని 1810లో ఏర్పరిచాడు. ఆ తర్వాత అదే బెర్లిన్ ఉద్యానానికి అధిపతిగా వచ్చిన హైన్రిఖ్ లింక్ 1822లో తుమ్మిని ఈ కొత్త ప్రజాతిలోకి మార్చాడు. ఆ పేరే ఇప్పటికీ నిలిచింది. ల్యూకాస్ అంటే గ్రీకులో తెలుపు, ఆస్పెరా అంటే లాటిన్‌లో గరుకు. ఆకును వేళ్లతో రాస్తే రెండో పేరు ఎందుకు పెట్టారో అర్థమవుతుంది.

ల్యూకాస్ ప్రజాతిలో ఆఫ్రికా, అరేబియా, ఆసియాల్లో కలిపి దాదాపు వంద జాతులున్నాయి. ఈ సమూహంపై 2009లో వెలువడిన డీఎన్‌ఏ పరిశోధన ప్రజాతి హద్దులు ఇప్పుడున్నట్టు నిలబడవని తేల్చింది. నారింజరంగు పూల రణభేరి మొక్క ఉండే లియొనోటిస్ ప్రజాతి వంశవృక్షంలో ల్యూకాస్ లోపలికే వచ్చి కూర్చుంటుంది. పేర్లు ముందుముందు మారవచ్చుగాని, పొలంగట్టున మొక్కను పోల్చుకోవడానికి దానివల్ల ఇబ్బందేమీ లేదు.

బెంగాల్ మొక్కలకు డేవిడ్ ప్రెయిన్ 1903లో వెలువరించిన గ్రంథం, ఉత్తరాంధ్ర జిల్లాలతో కూడిన నాటి మద్రాసు ప్రెసిడెన్సీకి గాంబుల్ 1915లో మొదలుపెట్టిన గ్రంథం ఈనాటికీ పనికొచ్చేవే. ఈ రెండు ప్రాంతాల వృక్షశాస్త్రానికీ పునాది వేసిన విలియం రాక్స్‌బర్గ్ కూడా తెలుగునేల మీద సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలు సేకరించి, 1793లో కలకత్తా ఉద్యానానికి వెళ్లినవాడే. హౌరా శిబ్‌పూర్‌లోని ఆ ఉద్యానం 1787లో మొదలైంది. కోరమండల్ తీరపు మొక్కలకూ వంగదేశపు మొక్కలకూ చాలా పోలిక ఉందన్న సంగతి ఆయన రాతల్లో అడుగడుగునా తెలుస్తుంది. తుమ్మి ఆ రెండుచోట్లా స్వదేశీ మొక్కే. శ్రీకాకుళం నుంచి రైలెక్కి ఖరగ్‌పూర్‌లో దిగినవారికి ఇది కొత్తగా పరిచయమయ్యే మొక్క కాదు.

మొక్కను దగ్గరగా చూస్తే

ఎత్తు జానెడు నుంచి రెండడుగుల దాకా, అంటే 15 నుంచి 60 సెంటీమీటర్లు. ఈ తేడా నేలను బట్టి వస్తుంది. మొరం గుట్ట మీద మొలిచింది కురచగా, అడుగునుంచే కొమ్మలు వేసి, నేలకు దగ్గరగా ఉంటుంది. కుళాయి నీళ్లు పారే పెరటి మూలలో మొలిచింది నిటారుగా, పొడవుగా సాగుతుంది. ఒకే వీధిలో ఈ రెండు రూపాలూ చూసి రెండు వేర్వేరు మొక్కలనుకునేవారున్నారు. అందుకే తుమ్మి విషయంలో ఎత్తును, ఆకుల సైజును లెక్కలోకి తీసుకోకూడదు.

కాండం నలుపలకలుగా ఉంటుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లిస్తే అంచులు స్పష్టంగా తగులుతాయి. దానిమీద బిరుసు నూగు. ఆకులు కణుపుకు రెండు చొప్పున ఎదురెదురుగా, సన్నగా, మొద్దుకొనతో ఉంటాయి. అంచు నున్నగా ఉండవచ్చు, అక్కడక్కడా చిన్న నొక్కులూ ఉండవచ్చు. నలిపితే ఘాటైన వాసన వస్తుంది. తులసి వాసనలా తీయగా ఉండదు, కాస్త వగరు కలిసిన ఘాటు.

అసలు గుర్తులన్నీ పూగుత్తిలో ఉన్నాయి. కొమ్మ చివరా, కింది కణుపుల దగ్గరా కాండాన్ని చుట్టి పూలు గుండ్రని గుత్తులుగా ఏర్పడతాయి. పాఠ్యపుస్తకాల్లో దీన్ని కూటచక్రం అంటారు. గుత్తిలో ఒక్కరోజు విచ్చే పూలు కొన్నే. మిగతావి మొగ్గలో, రాలిపోయాక మిగిలిన పచ్చని గొట్టాలో. కాబట్టి నిండుగా పూసిన తుమ్మి కూడా దూరం నుంచి ఆకుపచ్చగానే ఉంటుంది, మధ్యమధ్య తెల్ల చుక్కలు తప్ప.

ఒక పువ్వును మెల్లగా లాగితే తెల్లని భాగం చేతిలోకి వచ్చేస్తుంది, పచ్చని గొట్టం మొక్క మీదే ఉండిపోతుంది. చేతిలోకి వచ్చింది ఆకర్షణపత్రావళి, పొడవు సెంటీమీటరు మాత్రమే. దీనికి రెండు పెదవులు. పై పెదవి చిన్నది, ముందుకు వంగి కప్పులా ఉంటుంది. దాని వీపు మీద దట్టంగా తెల్లని ఉన్నిలాంటి నూగు. కింది పెదవి దానికి రెట్టింపు పొడవు, కిందికి పరుచుకుని, నడిమి తమ్మె గుండ్రంగా వెడల్పుగా ఉంటుంది. పై పెదవి కింద నాలుగు కేసరాలు, రెండు పొడవు, రెండు పొట్టి. భూతద్దం పట్టుకుంటే గొట్టం లోపల వెంట్రుకల వలయం ఒకటి కనబడుతుంది. ఆ వలయం దాటితేగాని అడుగున ఉన్న మకరందం అందదు. పిల్లలు పువ్వు తుంచి వెనక కొన చప్పరించేది ఈ మకరందం కోసమే.

మొక్క మీద మిగిలిపోయిన పచ్చని గొట్టం రక్షకపత్రావళి. గుర్తింపులో దీని మాటే చివరి మాట. తుమ్మిలో ఇది కొద్దిగా వంగిన గరాటులా ఉంటుంది. కింది సగం నున్నగా, పాలిపోయి ఉంటుంది. పై సగం మీద గీతలు, బిరుసు నూగు. నోరు సమంగా కోసినట్టు ఉండదు, ఏటవాలుగా, పైవైపు కాస్త ముందుకు సాగి ఉంటుంది. నోటి అంచున చిన్న త్రికోణపు దంతాలు. గొట్టాల మధ్య పుచ్ఛాలు, అంటే సన్నని ఆకుల్లాంటి రేకులు, ఉంటాయి. ఇవి రక్షకపత్రావళికి సుమారుగా సమాన పొడవులో ఉండి, అంచుల్లో పొడవాటి బిరుసు వెంట్రుకలు కలిగి ఉంటాయి. గుత్తిని చేత్తో నొక్కితే గరుగ్గా తగిలేది వీటివల్లే.

పూత రాలాక గొట్టం అడుగున నాలుగు గింజలు తయారవుతాయి. ఒక్కోటి రెండున్నర మిల్లీమీటర్లు, గోధుమరంగు, నున్నన. లోపలివైపు కోణంగా, బయటివైపు గుండ్రంగా ఉంటాయి. మొక్క ఎండిపోయినా గొట్టాలు రాలవు. ఎండుకొమ్మను అరచేతిలో దులిపితే గింజలు పడతాయి. జనవరిలో, పువ్వన్నది లేకపోయినా, ఈ ఎండుగుత్తిని చూసి తుమ్మిని నిర్ధారించవచ్చు. చాలా కలుపుమొక్కలకు ఈ సౌకర్యం లేదు.

పోలికతో పొరపడే మొక్కలు

తెల్లపూలు, కణుపుల చుట్టూ గుత్తులు, నలుపలకల కాండం అనగానే తుమ్మి అని తీర్మానించకూడదు. ఈ మూడు లక్షణాలూ ఉన్నవి నిమ్‌పురా వంటి చోట ఇంకా ఉన్నాయి.

అన్నిటికంటే దగ్గరిది ల్యూకాస్ లావెండ్యులిఫోలియా. పాత పుస్తకాల్లో ల్యూకాస్ లినిఫోలియా అని ఉంటుంది. తూర్పు భారతంలో ఇది విస్తారం. ఆకులు ఇంకా సన్నగా, పొడవుగా ఉంటాయి. మొక్కంతా మెత్తటి సన్ననూగు ఉంటుందిగాని బిరుసుతనం ఉండదు. తేడా పట్టించేవి పుచ్ఛాలు. ఇందులో అవి చాలా పొట్టివి, గొట్టాల మధ్య దాక్కుంటాయి. గుత్తిని పక్కనుంచి చూస్తే గొట్టాలు విడివిడిగా కనబడతాయి. నోటి పైవైపు దంతం తక్కినవాటికంటే పెద్దది. బెంగాల్‌లో ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలవడం, ఒకదాని బదులు ఇంకొకటి వాడడం మామూలే.

రెండోది ల్యూకాస్ జైలానికా. ఇందులోనూ నోరు ఏటవాలుగానే ఉంటుంది, గుత్తిలో పూలు మాత్రం తక్కువ. మూడోది పెద్దతుమ్మి, అంటే ల్యూకాస్ సెఫలోటిస్. దీన్ని గుర్తుపట్టడం తేలిక. గుత్తి పెద్దది, చాలావరకు కొమ్మ చివరే బంతిలా కూర్చుంటుంది, వెడల్పాటి ఆకుల్లాంటి పుచ్ఛాలు ఒకదానిపై ఒకటి కప్పుకుని ఉంటాయి. ఆకులూ వెడల్పే. ఆయుర్వేద గ్రంథాల్లోని ద్రోణపుష్పిగా భారత ఆయుర్వేద ఔషధకోశం స్వీకరించింది ఈ పెద్దతుమ్మినే. దక్షిణాదిన అదే పేరుతో వాడకంలో ఉన్నది మామూలు తుమ్మి. మూలికల అంగడిలో ద్రోణపుష్పి అని కొనేవారు ఈ తేడా తెలుసుకుని కొనడం మంచిది.

కుటుంబమే వేరైనా బోల్తా కొట్టించేది మదనఘంటి, అంటే స్పెర్మకోస్ ప్రజాతి మొక్క. నేలబారుగా పెరుగుతుంది, కాండం పలకలుగా ఉంటుంది, కణుపుల చుట్టూ చిన్న తెల్లపూలుంటాయి. కానీ ఇది కాఫీ కుటుంబానిది. పువ్వుకు పెదవులుండవు. సమానమైన నాలుగు తమ్మెలు నక్షత్రంలా విచ్చుకుంటాయి. రెండు ఆకుల మధ్య కణుపు దగ్గర ముళ్లలాంటి వెంట్రుకలున్న పొర ఒకటి ఉంటుంది. నలిపితే ఘాటు ఉండదు. కుక్కతులసిలోనూ తెల్లపూల వలయాలే, అయితే అవి ఆకుల్లేని పొడవాటి కంకి మీద అంతస్తులుగా వస్తాయి, వాసన తులసిదే. అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చి ఖాళీ నేలలన్నీ ఆక్రమించిన సీమతులసి మనిషెత్తు పెరుగుతుంది, పూలు ఊదారంగు. దాన్ని తుమ్మి అనుకునే అవకాశం తక్కువగాని, అది పెరిగినచోట తుమ్మికి చోటు దక్కదు.

పూత కాలం

మేదినీపూర్ మైదానంలో చెట్ల పూత ఎక్కువగా వేసవి ముంగిట్లోనే. మోదుగ ఫాల్గుణంలో పూస్తుంది, సాలవృక్షాలు మార్చి, ఏప్రిల్‌లో. తుమ్మి కథ దీనికి వ్యతిరేకం. జూన్ మధ్యలో రుతుపవనాలు తాకాక గింజ మొలుస్తుంది. రెండు నెలలు ఆకులతో, కొమ్మలతో గడుపుతుంది. ఆగస్టు చివర మొదటి పూలు అక్కడక్కడా కనిపిస్తాయి. దట్టమైన పూత మాత్రం వానలు తగ్గే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తేమ ఉన్నచోట శివరాత్రి వరకూ కొన్ని పూలు దొరుకుతాయి.

తెలుగు పంచాంగం ప్రకారం చెబితే ఇంకా సులువు. వినాయక చవితికి లేత ఆకు, కార్తీకానికి పువ్వు, సంక్రాంతికి గింజ. ఖరగ్‌పూర్‌లో దీనికి మరో ఆనవాలు కూడా ఉంది. దుర్గాపూజ రోజుల్లో కంసావతి నది ఒడ్డున, పట్టాల పక్కన రెల్లు తెల్లగా పూస్తుంది. బెంగాలీలు కాశ్ అనే ఆ రెల్లు పూత ముదిరేసరికి తుమ్మి నిండుపూతకు వస్తుంది.

ఇంత ఆలస్యంగా పూయడంలో లాభం లేకపోలేదు. వానలో తడిస్తే పుప్పొడి పాడవుతుంది, తేనెటీగలూ తిరగవు. పైగా గింజలు గొట్టంలోనే ఉండి ఎండి రాలాలంటే పొడివాతావరణం కావాలి. ఈ రెండూ కుదిరేది రుతుపవనాలు వెళ్లాకే. మిగిలిన పూలు తక్కువైన ఆ నెలల్లో తుమ్మి దగ్గర కీటకాల సందడి ఎక్కువ. నీలి చారల తేనెటీగలు, పుట్టతేనె ఈగలు, చిన్న నీలి సీతాకోకచిలుకలు, పసుపు సీతాకోకచిలుకలు వస్తాయి. తేనెటీగ కింది పెదవి మీద వాలి తల లోపలికి దూర్చగానే, పై పెదవి కింద దాగిన కేసరాలు దాని వీపుకు పుప్పొడి రాస్తాయి. ఎండ ఎక్కుతున్న వేళ ఒక గుత్తి ముందు కాసేపు కూర్చుంటే ఇదంతా కంటితోనే చూడవచ్చు.

ఆవాసాలు

తుమ్మికి కావలసినవి మూడు: ఎండ, నీరు నిలవని నేల, ఎవరో ఒకరు కదిలించిన మన్ను. దట్టమైన సాలవనం లోపల అది ఉండదు. అడవి అంచున, బండిబాట పక్కన, పశువులు తొక్కిన చోట ఉంటుంది. అడవిపువ్వు అని పిలుస్తున్నా మనిషి మసలేచోటే ఎక్కువగా బతికే మొక్క ఇది.

నిమ్‌పురా ఏర్పడ్డ తీరే దీనికి కలిసొచ్చింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ కూడలిని కట్టింది. 1900 నాటికి హౌరా నుంచి ఖరగ్‌పూర్‌కు రైలుదారి కలిసింది. వర్క్‌షాపు, యార్డు, క్వార్టర్లు అంటూ దశాబ్దాల పాటు మొరం తవ్వారు, గట్లు పోశారు, చదును చేశారు. 1955 ఆగస్టు 1న సౌత్ ఈస్టర్న్ రైల్వే ఏర్పడ్డాకా ఆ పని ఆగలేదు. నేలను కదిలించిన ప్రతిచోటా ఒకటి రెండేళ్లు తుమ్మిదే రాజ్యం. తర్వాత గడ్డి, పొదలు కమ్ముకుంటే తప్పుకుంటుంది.

పట్టాల మధ్య కంకరలో తుమ్మి కోసం వెతకనక్కరలేదు. కంకర శుభ్రంగా ఉంటేనే నీరు కిందికి ఇంకుతుంది, పట్టా కదలదు. అందుకే అక్కడ మొక్కన్నది మిగలకుండా ట్రాక్ సిబ్బంది ఏరిపారేస్తారు, మందు కొడతారు. పైగా యార్డులోకి అనుమతి లేకుండా అడుగుపెట్టడం నేరం, ప్రాణానికీ ముప్పు. తుమ్మి ఉండేది కంకర కిందకు జారిన గట్టు వాలు మీద, సరిహద్దు గోడ వెంబడి, లెవెల్ క్రాసింగ్ దారి పక్కన. ఆ గీత మీద దానికి పొరుగువారు చాలామందే. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన క్రోటన్ బోన్‌ప్లాండియానస్ భారతదేశమంతటా రైలుదారుల వెంట పాకింది. వయ్యారిభామ, గడ్డిచామంతి కూడా అమెరికా ఖండాల సంతతే. ఇంతమంది పరదేశీయుల మధ్య ఉత్తరేణి, తుమ్మి ఈ నేలకే పుట్టిన మొక్కలు.

క్వార్టర్ల వెనుక సందులు రెండో ఆవాసం. పాత బంగళాల మధ్య దూరం ఎక్కువ, ఖాళీ స్థలం ఎక్కువ. మురుగుకాలువ గట్టు మీద, తీసిపారేసిన మన్ను పోగుల మీద తుమ్మి బలంగా పెరుగుతుంది. కంటికి ఏపుగా ఉందని ఇక్కడినుంచి కూరకు కోయకూడదు. మురుగు, ఇంజనాయిలు, కలుపుమందు కలిసే నేలలో మొలిచిన ఆకుకూర తినడానికి పనికిరాదు. గట్టు వాలు మొక్కలకూ ఇదే మాట.

మొరం బీడు మూడోది. కలైకుండా, ఝాడ్‌గ్రామ్ దిక్కుగా వెళ్లేకొద్దీ ఎర్రనేల పెరుగుతుంది. వాన పడితే నీరు నిలవదు, వెలిస్తే గట్టిపడిపోతుంది. ఇక్కడి తుమ్మి పొట్టిది, ఆకు చిన్నది, నూగు ఎక్కువ. ఫొటోలో చూసి వేరే జాతి అనిపించేది ఈ రూపమే.

వరి పొలాలు నాలుగోది. నీరు నిలిచిన మడిలో తుమ్మి బతకదు, గట్టు మీద ఉంటుంది. నవంబరు, డిసెంబరులో అమన్ వరి కోశాక మెట్టగా ఉన్న మడుల్లోకి దిగుతుంది. తెలుగు రాష్ట్రాల్లో వేరుశనగ, రాగి వంటి మెట్టపంటల్లో ఇది రైతుకు తెలిసిన కలుపే. తెలిసినదేగాని భయపడే కలుపు కాదు. వేరు లోతుగా పోదు, దుంప ఉండదు, ముక్కతో మొలవదు. పూతకు ముందు ఒక్కసారి కలుపు తీస్తే ఆ ఏటికి సరి.

వంట, పూజ, వైద్యం

తెలంగాణలో వినాయక చవితినాడు తుమ్మికూర వండుకోవడం ఆచారం. విచిత్రమేమిటంటే ఆ రోజు పూజకు వాడే ఇరవైయొక్క పత్రుల్లో ఉత్తరేణి ఉందిగాని తుమ్మి లేదు. దేవుడి పళ్లెంలో చోటు లేని ఆకు మనిషి పళ్లెంలోకి వచ్చింది. పూత రాని లేతచిగుళ్లు కోసి, నూగు పోయేలా బాగా కడిగి, పప్పులో వేస్తారు లేదా వేపుడు చేస్తారు. కొంచెం చేదు ఉంటుంది. ముదిరితే చేదు పెరిగి, పీచు తగులుతుంది. కాబట్టి వంటకు పనికొచ్చే మొక్క గుర్తింపుకు పనికిరాదు, గుర్తింపుకు పనికొచ్చేది వంటకు పనికిరాదు. పూత చూడకుండా కోయాల్సి వస్తుంది కనుక, పోయిన ఏడు తుమ్మి పూసిందని నిర్ధారించుకున్న చోటే ఈ ఏడు చిగుళ్లు కోయడం సరైన పద్ధతి. పెరట్లో ఓ మూల గింజలు చల్లుకుంటే ఆ చిక్కూ ఉండదు.

తుమ్మిపువ్వు శివుడికి ప్రీతి అన్న నమ్మకం తెలుగునాటా, కర్ణాటకలోనూ, తమిళదేశంలోనూ ఉంది. తమిళ సాహిత్యంలో దీనికి మరో గౌరవం దక్కింది. తొల్కాప్పియం యుద్ధ ఘట్టాలను పూల పేర్లతో విభజించినప్పుడు, ఇరు సైన్యాలూ ఎదురెదురుగా తలపడే ఘట్టానికి తుంబై పేరు పెట్టింది. వీరులు ఆ పూమాల ధరించేవారట. సెంటీమీటరు పువ్వుకు ఇంత పెద్ద యుద్ధం అప్పగించిన కవుల ధైర్యం మెచ్చుకోదగ్గది. కేరళలో ఓణం పూలముగ్గులో తుంబపువ్వు ఉండాలంటారు. 1963 నవంబరు 21న భారతదేశం మొదటి రాకెట్టును ఎగరేసిన తిరువనంతపురం దగ్గరి తుంబ అనే పల్లె పేరు కూడా ఈ మొక్కదేనని అక్కడివారు చెబుతారు.

ఇంటివైద్యంలో తుమ్మి వాడకం విస్తారం. జలుబు, దగ్గుకు పూలు నలిపి తేనెతో పిల్లలకు ఇవ్వడం, గజ్జి మీద ఆకురసం రాయడం, దోమలు పోవడానికి ఎండుమొక్కతో పొగ వేయడం ఎరిగినవే. రసాయన పరీక్షల్లో ఒలియానోలిక్ ఆమ్లం, ఉర్సోలిక్ ఆమ్లం, బీటా సైటోస్టెరాల్ వంటి పదార్థాలు దొరికాయి. అవి ఉన్నంతమాత్రాన మందు అయిపోదు. ప్రత్యేకించి పాముకాటుకు తుమ్మి ఆకురసం పనిచేస్తుందన్న మాట బెంగాల్‌లోనూ, తెలుగు పల్లెల్లోనూ బాగా పాతుకుపోయింది. మనుషుల్లో దానికి రుజువు లేదు. పాముకాటుకు మందు ఆసుపత్రిలో ఇచ్చే యాంటీవెనమ్ ఒక్కటే. ఆకు కోసం వెతుకుతూ పోగొట్టుకునే అరగంట ప్రాణం మీదికి తెస్తుంది.

నమోదు చేయడం

తుమ్మి అరుదైన మొక్క కాదు, అంతరించిపోతున్న జాబితాలోనిదీ కాదు. ఇలాంటి మామూలు మొక్కలను ఎవరూ నమోదు చేయకపోవడం వల్లే, ఒక పేటలో అవి ఎప్పుడు తగ్గాయో ఎవరికీ తెలియకుండా పోతుంది. 2020 డిసెంబరులో పశ్చిమబెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికారభాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది, ఖరగ్‌పూర్ తెలుగువారు చాలాకాలంగా అడుగుతున్నది అది. పిల్లలకు తెలుగు పాఠం చెప్పేవారు చుట్టుపక్కల మొక్కల తెలుగు పేర్లు కూడా చెప్పగలిగితే మేలు. తుమ్మి అందుకు మంచి మొదలు. ఎటు వెళ్లినా దొరుకుతుంది, ముల్లు లేదు, పాలు కారవు, దురద పుట్టదు.

ఫొటో తీసేవారు పువ్వును ఎదురుగా తీసి ఊరుకుంటారు. ఆ ఒక్క ఫొటోతో ల్యూకాస్ ప్రజాతి అని చెప్పవచ్చేగాని జాతి చెప్పలేం. కనీసం మూడు కావాలి: మొక్క నిలువెత్తు రూపం, పూగుత్తిని పక్కనుంచి పుచ్ఛాలు కనబడేలా, పువ్వు లాగేశాక మిగిలిన పచ్చగొట్టం నోరు. వెంట తేదీ, చోటు, నేల రంగు రాసిపెట్టుకోవాలి. హెర్బేరియానికి నమూనా నొక్కాలనుకుంటే గింజకట్టిన గుత్తి ఉన్న కొమ్మ తీసుకోవాలి. గొట్టాలు ఒత్తుడికి నలిగిపోతాయి కనుక రెండు మూడు విడిగా చిన్న కాగితపు పొట్లంలో కట్టి జతచేయాలి.

క్వార్టర్ల చుట్టూ పూజలకు ముందు గడ్డి కోయించడం ఆనవాయితీ. అప్పటికి తుమ్మి మొగ్గలోనే ఉంటుంది. కోత మొత్తం ఆపమని ఎవరూ అనరు, దోమలకూ పాములకూ జనం భయపడడం న్యాయమే. గోడవారగా ఒక జానెడు వెడల్పు వదిలేసి సంక్రాంతి తర్వాత కోయించినా చాలు, గింజ రాలుతుంది. నిమ్‌పురాలో ఉన్నవారు వచ్చే కార్తీకంలో తమ వీధిచివర ఒక్క గుత్తిని తెంపి పచ్చగొట్టం నోరు ఏటవాలుగా ఉందో లేదో చూడండి. అది తుమ్మేనని తేలాక ఆ చోటు గుర్తుపెట్టుకుంటే వచ్చే చవితికి కూర ఎక్కడ కోయాలో తెలుస్తుంది.